ఎవాల్డ్ ఇంట్లో పెరిగిన పగడం

మా మేడ మీది వాటాలో ఉండే ఎవాల్డ్ కోస్లర్‌కి జర్మనీలోని మా హెర్నే ఊళ్ళో రెండు పేర్లున్నాయి. ట్రాం ఎక్కేవాళ్ళకు అతను నిమిషం ఎవాల్డ్. ముప్ఫై ఏళ్ళు ట్రాం నడిపాడు, ఒక్కరోజు కూడా ఆలస్యం కానివ్వలేదు. సంచులు పట్టుకుని రొప్పుతూ పరిగెత్తుకొస్తున్న ముసలమ్మ ముఖం మీద కూడా తలుపులు మూసేసి, గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయేవాడు. అలా రోడ్డు మీద మిగిలిపోయిన ముసలమ్మల్లో మా అమ్మ కూడా ఉంది. ఆవిడ పోయేదాకా అతన్ని తిడుతూనే ఉంది. నేను ఒక్కసారీ అడ్డు చెప్పలేదు.

గాజు తొట్టిలో సముద్రాన్ని పెంచుకునే మాలాంటి పిచ్చివాళ్ళకు మాత్రం అతను జానెడు ఎవాల్డ్. గనులు మూతపడ్డాక మా ఊరి మగవాళ్ళకు మిగిలినవి పావురాలు, బీరు, వెనక పెరట్లో నాలుగు కూరగాయ మొక్కలు. అవి చాలక కొందరం తొట్లు పెట్టుకున్నాం. నెలకోసారి, శుక్రవారం సాయంత్రం, ఒక పబ్బు వెనకగదిలో పొడుగు బల్ల చుట్టూ చేరతాం. ఎవరి తొట్టి ఎలా ఉందో చెప్పుకుంటాం, సగం గొప్పలు, సగం ఏడుపులు. ఆడవాళ్ళలో క్రమం తప్పకుండా వచ్చేది రోస్వితా ఒక్కతే.

మేం పెంచేవి ఉంగరాల్లో పొదిగే ఎర్ర పగడాలు కావు. అడుగున రాయి, రాయి మీద మెత్తని ఒళ్ళు, ఆ ఒంటికి నోళ్ళు. నోరంటే నిజంగా నోరే. డ్రాపర్‌తో రొయ్యముక్క అందిస్తే మెల్లగా ముడుచుకుని మింగుతుంది. చూస్తే పువ్వులా ఉంటుంది గానీ బుద్ధి మాత్రం ఇరుగుపొరుగు బుద్ధి. పక్కన ఇంకో పగడం పెరిగితే ఓర్వదు. దీపాలు ఆర్పాక సన్నని పొడుగాటి దారాలు వదిలి, పక్కదాని ఒంటిని కాల్చేస్తుంది. అందుకని పగడానికీ పగడానికీ మధ్య జానెడు దూరం ఉండాలని ఎవాల్డ్ పట్టుదల. ఎవరింటికి వెళ్ళినా "కులాసానా" అని అడగడం లేదు, కోటు విప్పడం లేదు. తిన్నగా తొట్టి దగ్గరికెళ్ళి, చెయ్యి చాపి అద్దానికి ఆనించి కొలిచేవాడు.

"ఇది జానెడా? ఇది నీ జానెడా? నీకసలు చెయ్యుందా?" అని నా తొట్టి ముందు నిలబడి నా భార్య ఎదుటే అడిగాడు ఒకసారి. నా తొట్టి సంగతి ఇంక చెప్పను, అదొక స్మశానం. ఎవాల్డ్ తొట్టి మాత్రం చూసి నేర్చుకోవలసినది. ఒప్పుకోవడానికి మనసు రాదు గానీ, నిజం.

రోస్వితా రొట్టెల దుకాణంలో పనిచేస్తుంది. తెల్లవారకముందే లేచే మనిషి కనుక మా బల్ల దగ్గర అందరికన్నా ముందు ఆవులించేది ఆమే. ఒకప్పుడు ఒక పగడాల కొట్టువాడు చెత్తలో వెయ్యబోతున్న రాయిని అడిగి తెచ్చుకుంది. చచ్చిపోయిన సుత్తి పగడం అది. వేళ్ళలా ఊగే తీగల కొసలు సుత్తుల్లా ఉంటాయి గనక ఆ పేరు. ఆ రాయి అంచున గోరంత ఒళ్ళు మిగిలి ఉంది, అంతే. మేమంతా పారెయ్యమన్నాం. "శవానికి స్నానం చేయిస్తున్నావు రోస్వితా" అన్నాడు ఎవాల్డ్. ఆమె విన్లేదు. పన్నెండేళ్ళు దాని నోటికి రొయ్యముక్కలు అందించింది. అది పెద్ద క్యాబేజీ అంత అయింది. ఊదారంగు ఒళ్ళు, ఎండలో పెట్టిన నిమ్మపండు రంగు కొసలు. అలాంటిది మేమెవరం మరెక్కడా చూడలేదు. మొగుడు వదిలి వెళ్ళిన ఏడాది కూడా ఆమె మా దగ్గర మొగుడి గురించి ఒక్క మాట అనలేదు, దాని గురించే చెప్పింది.

ఆ పగడానికి ఒకే ఒక్క పిలక విరిచి ఇచ్చింది. ఎవాల్డ్‌కి ఇచ్చింది. "నాకేమన్నా అయితే ఇతని దగ్గర భద్రంగా ఉంటుంది" అంది. మా బల్లకు రాసుకోని చట్టం ఒకటుంది. తల్లి పోతే, పిలక ఉన్నవాళ్ళు అందులోంచి విరిచి తిరిగి ఇవ్వాలి. బ్యాంకులో దాచుకోవడం లాంటిదే, కాకపోతే మా బ్యాంకులు ఎక్కువగా మూడో అంతస్తులో ఉంటాయి.

ఎవాల్డ్ ఆ పిలకను ఇంటికి తెచ్చి, రెండురోజులు అటూ ఇటూ మార్చి చూశాడట. ఎక్కడ పెట్టినా సోఫాలోంచి సరిగా కనపడలేదు. చివరికి తొట్టి నడిమధ్య, నక్షత్ర పగడానికి దగ్గరగా పెడితే మహా అందంగా ఉంది. దూరం నాలుగు వేళ్ళు. నక్షత్ర పగడం అంటే మా పెంపుడు ప్రాణులన్నిట్లోకీ పచ్చి రౌడీ. ఆ సంగతి మా బల్ల దగ్గర కొత్తగా చేరినవాడికి కూడా తెలుసు. వచ్చేవారం చుట్టాలు వస్తున్నారు, వాళ్ళు చూసి వెళ్ళాక మార్చేద్దాం అనుకున్నాడు. చుట్టాలు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఒకరోజు ఉదయం దీపాలు వెలిగేసరికి పిలక ఒళ్ళు సగం కరిగి తెల్లరాయి బయటపడి ఉంది. వారం తిరక్కుండా మిగతా సగం కూడా పోయింది.

ఇదంతా నాకు అతని భార్య ఇర్మా తర్వాత ఎప్పుడో చెప్పింది. అప్పట్లో మాకెవరికీ తెలియదు. ఆ నెల శుక్రవారం రోస్వితా బీరు గ్లాసు కింద పెట్టి అడిగింది:

"మా పిల్ల ఎలా ఉంది ఎవాల్డూ?"

"బాగుంది" అన్నాడు.

ఒక్క మాటే. ఆ ఒక్క మాట అనడానికి ఎంత అవస్థ పడ్డాడో తర్వాత తనే నాతో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, నాకేమీ కనపడలేదు. వేయించిన బంగాళాదుంపల మీద ఉప్పు ఎక్కువైందని గొణుక్కుంటున్నాను.

ఆ మర్నెల కూడా బాగుందన్నాడు. అయితే బాగున్న పగడం ఊరికే ఉండదు కదా, పెరగాలి. డెట్లెఫ్ అని మా బల్లకు ఒక విదూషకుడున్నాడు. పైపులు బిగించే పని చేస్తాడు, నోటికి మాత్రం పైపు బిగించుకోడు. వాడు ప్రతినెలా అడిగేవాడు: "ఏం బాబూ, ఈ నెల పురుడేమన్నా పోశావా?" దానితో ఎవాల్డ్‌కి తప్పలేదు. వసంతకాలంలో "తల రెండుగా చీలింది" అన్నాడు. ఆకులు రాలేనాటికి మూడు తలలయ్యాయి. ఏడాది తిరిగేసరికి ఐదు. ఇంట్లో చచ్చి పడున్న రాయి బల్ల దగ్గర పిల్లాపాపలతో వర్ధిల్లుతోంది. ఫోటో తెమ్మంటే కెమెరా పాడైందన్నాడు. అందరం ఒకరి తొట్లు ఒకరం చూడ్డానికి వెళ్ళే ఆదివారం నాడు ఇర్మాకి తలనొప్పి అన్నాడు. మరుసటి ఏడు గోడలకు రంగులన్నాడు. కింద వాటాలో ఉన్న నాకే ఆ రంగు వాసన రాలేదు, అయినా బుర్ర వెలగలేదు. ఎవాల్డ్ అబద్ధమాడతాడని అనుకోవడం మా ఊళ్ళో ట్రాం ఎగురుతుందని అనుకోవడంతో సమానం.

ఇర్మా మాత్రం మెట్ల మీద కూడా దెబ్బలాడేది. ఆమె గొంతు నాకు వినపడేది గానీ విషయం అర్థమయ్యేది కాదు. "చచ్చిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు, పిల్లల్ని పెట్టిందని చెప్పడానికి మాత్రం వచ్చిందా?" అనేది. కూతురి గురించో, పిల్లి గురించో అనుకుని నేను తలుపు వేసుకునేవాణ్ణి.

అప్పుడు ఒక ఆదివారం రోస్వితా నెత్తిన పిడుగు పడింది. చెల్లెలి ఇంటికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆమె తొట్టిలో హీటర్ ఆగకుండా కాలుతూ ఉంది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. తలుపు తీయగానే వాసన. చేపలు, పీతలు, పన్నెండేళ్ళ పగడం, అన్నీ ఉడికిపోయాయి. మర్నాడు పొద్దున ఆమె దుకాణంలో రొట్టెలు చుట్టి ఇస్తూనే ఏడ్చిందని, ఇవ్వాల్సిన రొట్టె ఒకటైతే ఇంకోటి ఇచ్చిందని మా ఆవిడ వచ్చి చెప్పింది.

ఆ సాయంత్రమే ఆమె ఎవాల్డ్ ఇంటికి వచ్చింది. ఎవాల్డ్ ఆమెను తొట్టి ఉన్న గదిలోకి రానివ్వలేదు. "దీపాలు ఆర్పేశాను, పడుకున్నాయి" అని వంటింట్లో కూర్చోబెట్టాడు. ఇర్మా ప్లమ్ పళ్ళ కేకు కోసిపెట్టి, సింకు వైపు తిరిగి నిలబడింది. ఆమె మళ్ళీ ఇటు తిరగలేదట.

"నీ దగ్గరున్నదే ఇంక మిగిలింది" అంది రోస్వితా. కేకు ముట్టుకోలేదు.

"శుక్రవారం తెస్తాను. మూడు తలలు విరిచి తెస్తాను" అన్నాడు.

"ఒక్కటి చాలు. ఇంకేమన్నా చెప్పాలా ఎవాల్డూ?"

"ఏముంది చెప్పడానికి? ధైర్యంగా ఉండు."

ఆమె వెళ్ళాక ఇర్మా చేతిలో ఉన్న పళ్ళెం సింకులో వదిలేసింది. "ఇప్పుడన్నా వెనకాలే పరిగెత్తి చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది. అతను పరిగెత్తాడు గానీ రోస్వితా వెనకాల కాదు. మర్నాడు ఊరూరూ తిరిగి, పగడాల కొట్లన్నీ వెతికి, ఊదారంగు ఒళ్ళూ పసుపు కొసలూ ఉన్న సుత్తి పగడం ఒకటి పట్టుకొచ్చాడు. దాదాపు అదే రంగు. కొమ్మకు రెండు తలలు ఉండేలా విరిచి, మిగతాది తన తొట్టిలో పెట్టుకున్నాడు. తలలు చీలాయన్న మాట కలవాలి కదా.

శుక్రవారం మూత ఉన్న బకెట్‌ను తన ఉన్ని మఫ్లర్‌తో చుట్టి, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. మేం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. డెట్లెఫ్ కళ్ళు కూడా చెమర్చాయి. రోస్వితా మూత తీసి, చిన్న టార్చి వేసి, చాలాసేపు వంగి చూసింది. కొమ్మ మొదలు చూసింది. తలలు చూసింది. తర్వాత మూత పెట్టి, ఎవాల్డ్ ముఖంలోకి చూసి అంది:

"థాంక్స్ ఎవాల్డ్."

బల్ల అంతా ఉలిక్కిపడింది. మా వైపు ఎవరన్నా మొక్క అంటు ఇచ్చినా, పగడం పిలక ఇచ్చినా పుచ్చుకున్నవాళ్ళు థాంక్స్ అనకూడదు. అంటే అది బతకదు. అమ్మమ్మల నాటి పట్టింపు, మేం తొట్ల దాకా తెచ్చుకున్నాం. థాంక్స్ అనేది కొట్లో డబ్బులిచ్చి కొన్న సరుకుకి. రోస్వితాకి ఆ పట్టింపు మాకన్నా ఎక్కువ, కొత్తవాళ్ళెవరైనా నోరుజారితే వెంటనే వెనక్కిచ్చేయమని గోల చేసేది ఆమే.

"నోరు కడుక్కో రోస్వితా, నోరు కడుక్కో!" అని అరిచాడు డెట్లెఫ్. "పాపం, దుఃఖంలో ఏదో అనేసింది" అన్నాం మిగతావాళ్ళం. ఆమె బకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మాట సవరించుకోలేదు. ఎవాల్డ్ ముఖంలో నెత్తుటిచుక్క లేదు. బరువు మోసుకొచ్చి అలిసిపోయాడనుకున్నాను. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో నేను అప్పటిదాకా చూడలేదు మరి.

ఆ తర్వాత అతను బల్లకు రావడం మానేశాడు. మోకాలు నొప్పి అన్నాడు. అదే మోకాలితో రోజూ కాలవ గట్టున మైళ్ళకొద్దీ నడిచేవాడు, నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. రోస్వితా దుకాణం ఉన్న వీధిలోకి వెళ్ళడం మానేసి, రొట్టె కోసం రెండు వీధులవతలికి వెళ్ళేవాడు. నిద్ర లేదు. తొట్టికి ఎదురుగా ఉన్న సోఫాని గోడవైపు తిప్పేశాడు. "నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బకెట్ నా నెత్తిన పోసి ఉంటే ఇంకా బాగుండేది. తనకు తెలుసు, నాకు తెలుసని తనకు తెలుసు. అయినా తీసుకెళ్ళి దానికి తిండి పెడుతోంది" అని ఇర్మాతో అన్నాడట. రోస్వితా చిన్న తొట్టి కొత్తగా పెట్టి, ఆ కొట్టు పగడాన్నే సాకుతోంది. ఎవరితోనూ ఏమీ అనలేదు. సిగ్గుతో మనిషి చచ్చిపోతాడంటారు గానీ, చావడు. రొట్టె కొనుక్కుని ఇంటికి వస్తాడు.

మేం ఊరుకుంటే ఆ సంగతి అక్కడితో మాసిపోయేదేమో. కానీ మా డెట్లెఫ్ ఊరుకునే రకం కాదు. ఏడాది చివరి శుక్రవారం, ఆకుకూరా సాసేజీ వండించి పెద్దగా కూర్చునే రోజు, ఎవాల్డ్‌కి సన్మానం అన్నాడు. మూత ఉన్న పింగాణీ బీరు కప్పు మీద "పగడాన్ని కాపాడిన ఎవాల్డ్" అని చెక్కించాడు. దానికి మేమంతా చందా వేసుకున్నాం. ఎవాల్డ్ రానన్నాడు. మేడ మీదికెళ్ళి నేనే చెయ్యి పట్టుకుని దింపి తీసుకొచ్చాను. అతని చెయ్యి చల్లగా ఉంది, నేను చలి అనుకున్నాను.

డెట్లెఫ్ కప్పు ఎత్తి చూపించి, ప్రసంగం మొదలుపెట్టి, తను వేసిన జోకుకి తనే నవ్వి, "రా బాబూ, మంత్రసానీ!" అని పిలిచాడు. ఎవాల్డ్ లేచాడు. బల్ల చివర రోస్వితా తలెత్తి అతన్నే చూస్తోంది. కప్పు అందుకోవడానికి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"నాకొద్దు. ఆ పిలక నా దగ్గర లేదు. ఎప్పుడో పోయింది. నేను తెచ్చింది కొట్లో కొన్నది. ఐదు తలలూ అబద్ధం, అన్నీ అబద్ధం" అన్నాడు.

 డెట్లెఫ్ కప్పు కిందికి దించి, చాలా మెల్లగా, "ఎలా పోయింది?" అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేకపోవడం నేను వినడం అదే మొదలు.

ఎవాల్డ్ నోరు తెరిచాడు. మా అందరి తొట్ల మీదా చాపిన ఆ చెయ్యిని జేబులో పెట్టుకున్నాడు.

"తెగులు" అన్నాడు. "గోధుమరంగు జిగురు తెగులు. పొద్దున చూసేసరికి..."

అందరం ఒక్కసారి ఊపిరి వదిలాం. తెగులైతే ఎవరేం చేస్తారు? నాకూ వచ్చింది, నీకూ వచ్చింది, అనుకున్నాం. ఎవరో అతని భుజం తట్టారు. "దానికింత బాధెందుకయ్యా" అన్నారు. సాసేజ్ చల్లారిపోతోందని ఇంకొకరన్నారు. డెట్లెఫ్ కప్పును బల్ల కింద పెట్టేశాడు. ఎవాల్డ్‌ని మేం అంత తేలిగ్గా క్షమించేశాం. అతను తల ఎత్తలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు ట్రాం ఆగేచోట ఎవాల్డ్, రోస్వితా, నేను, ముగ్గురమే ఉన్నాం. సన్నగా మంచు పడుతోంది. రోస్వితా చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, పట్టాల వైపు చూస్తూ అడిగింది:

"తెగులా?"

"ఊఁ."

"నా పగడం తలలు చీలవు ఎవాల్డూ. ఒక్కటీ చీలలేదు పన్నెండేళ్ళలో. అది అరటిచెట్టులాంటిది, మొదలు దగ్గర పిలక పెడుతుంది. తల రెండుగా చీలిందని నువ్వన్న రోజే నాకు తెలిసిపోయింది."

నాకు తల కొట్టేసినట్టయింది, నేను చేసిన తప్పు కాకపోయినా.  "మరి అడగలేదేం?" అన్నాడు ఎవాల్డ్.

"ప్రతినెలా అడిగాను. మా పిల్ల ఎలా ఉందని అడగలా? మీ ఇంటికొచ్చి కూడా అడిగాను, ఇంకేమన్నా చెప్పాలా అని. కేకు పెట్టావు. ఇవాళ లేచావు, హమ్మయ్య అనుకున్నాను. తెగులన్నావు."

ఎవాల్డ్ జేబులోంచి చెయ్యి తీశాడు. నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి ఆమెకు చూపించాడు.

"నక్షత్ర పగడం పక్కన పెట్టాను. ఇంత దూరం. చుట్టాలొస్తున్నారని. సోఫాలోంచి చూస్తే అక్కడ బాగుందని." ఆ మాట అంటూనే ఏడ్చేశాడు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి ముఖాన తలుపులు మూసిన మనిషి అలా ఏడవగలడని నాకు తెలియదు.

రోస్వితా కోప్పడలేదు. "అంతేనా" అంది. "అంతేనా ఎవాల్డూ? ఆ రోజే చెప్పి ఉంటే నవ్వుకునేవాళ్ళం. ఇంకో పిలక విరిచి ఇచ్చేదాన్ని."

"తెలిశాక ఇంకెవరికన్నా ఇవ్వాల్సింది" అన్నాన్నేను, ఉండబట్టలేక. "డెట్లెఫ్‌కి ఇవ్వాల్సింది. ఎక్కడో ఒకచోట బతికుండేది."

ఆమె నా వైపు తిరిగింది. "డెట్లెఫ్ అడిగాడు. చాలాసార్లు అడిగాడు. వాడికిస్తే వాడి తొట్లో అది మొదలు దగ్గర పిలక పెడుతుంది. వాడు చూస్తాడు, ఊరంతా చెబుతాడు. మరి ఎవాల్డ్ దగ్గర తలలెలా చీలాయని అందరూ అడుగుతారు." ముక్కు తుడుచుకుంది. "ఇతని పరువు పోతుందని ఎవరికీ ఇవ్వలేదు."

ట్రాం వచ్చింది. రోస్వితా ఎక్కింది, నేనూ ఎక్కి తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాపాను. ఎవాల్డ్ కదల్లేదు. డ్రైవరు కాసేపు చూశాడు, తర్వాత తలుపులు మూసేశాడు.